11 ఆర్డర్లు వచ్చి, 4 వెనక్కి తిరిగొస్తే ఏం చేయాలి?

మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. ఇంటికి జీడితోట ఉంది. మా ఆయన కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూస్తారు. పప్పు మంచిది, మధ్యలో దళారీ లేడు, ఇక ఫోన్‌లో పెట్టి అమ్మడమే తరువాయి అనుకున్నాను. మొదటి దీపావళికి ఫేస్‌బుక్ ప్రకటనల మీద 18,000 రూపాయలు పెట్టాను. లైకులు వేలల్లో వచ్చాయి. ఆర్డర్లు 11. అందులో 4 పార్సిళ్లు తీసుకోకుండా తిప్పి పంపేశారు. రానూ పోనూ కొరియర్ ఖర్చు నామీదే పడింది. చేరిన వాటిలో ఒకావిడ "పప్పంతా బద్దలే వచ్చిందమ్మా" అని ఫొటో పెట్టారు. ఆ తర్వాత రెండు నెలలు ఆ పేజీ తెరవలేదు.

ఇప్పుడు మీరు ఆ రెండు నెలల్లో ఉంటే, ముందు ఒక నోటు పుస్తకం తీసుకోండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మర్నాడు అందరూ "తోట పోయింది" అంటుంటే మా మావయ్య మాత్రం ఒక కాగితం పట్టుకుని చెట్టు చెట్టూ తిరిగారు. పడినవి ఎన్ని, వాలినవి ఎన్ని, నిలిచినవి ఎన్ని అని రాసుకున్నారు. వాలిన వాటికి మట్టి ఎగదోసి, ఊతకర్రలు పెట్టారు. వాటిలో కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. నా వ్యాపారం పోయిందని నేను ఏడుస్తుంటే ఆయన అడిగింది ఒక్కటే: "లెక్క రాశావా అమ్మా?"

రాయలేదు. అప్పుడు రాశాను. పేజీని నాలుగు గళ్లు చేయండి: చూసినవారు, అడిగినవారు, కొన్నవారు, మళ్లీ కొన్నవారు. పాత చాట్లన్నీ తెరిచి లెక్కపెడితే నన్ను అడిగినవాళ్లు 64 మంది ఉన్నారు. వాళ్లలో కొన్నది 11 మందే. అంటే ఎవరూ రాలేదన్నది నిజం కాదు. వచ్చినవాళ్లు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయారు. ఏ గడిలో అంకె ఒక్కసారిగా పడిపోయిందో అక్కడే పని చేయాలి. మిగతావి ప్రస్తుతానికి వదిలేయండి.

కొననివాళ్ల చాట్లలో ప్రతిదీ ఒకేలా ఆగిపోయింది. వాళ్లు "కిలో ఎంత?" అన్నారు, నేను ఐదారు గంటల తర్వాత ధర చెప్పాను, వాళ్లు మళ్లీ మాట్లాడలేదు. వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ముక్క పప్పు ధర, బద్ద ధర, విరగని పప్పు ధర వేరువేరని వాళ్లకు ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. మా పనిలో విరగని పప్పును 210, 240, 320 రకాలు అంటాం, అది ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. పావుకిలోలో 320 రకం సుమారు 170 పప్పులు వస్తాయి, 210 రకం 110 పైచిలుకు వస్తాయి. పలాసలో ఇది ఫ్యాక్టరీ పనివాళ్లందరికీ తెలుసు. హైదరాబాద్‌లో కొనే ఆవిడకు తెలియదు.

అందుకని కాటా మీద పావుకిలో పోసి, పప్పులు లెక్కపెడుతూ ఒక చిన్న వీడియో తీశాను. సంగీతం లేదు, ఎఫెక్టులు లేవు, నా చేతులు, మా వరండా, అంతే. ఎవరు ధర అడిగినా ముందు ఆ వీడియో పంపి, తర్వాత ధర చెప్పడం మొదలుపెట్టాను. నేను చేసిన మార్పులన్నిటిలో అత్యంత ఫలితమిచ్చింది ఇదే. మీరు అమ్మేది పొందూరు ఖద్దరు కావచ్చు, మందస కోవా కావచ్చు, ఆవకాయ కావచ్చు. మీ ఊళ్లో అందరికీ తెలిసి, కొనేవాళ్లకు తెలియని సంగతి ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని చూపించండి.

ప్రకటనల విషయంలో నా తప్పు సూటిగా చెప్తాను. పోస్ట్ కింద బూస్ట్ (డబ్బు కడితే పోస్టును ఎక్కువమందికి చూపించే బటన్) నొక్కి, లైకులు, కామెంట్లు వచ్చే లక్ష్యం ఎంచుకున్నాను. అలా అడిగితే ఫేస్‌బుక్ లైకు కొట్టే అలవాటున్నవాళ్లకే చూపిస్తుంది. కొనేవాళ్లు కావాలంటే వాట్సాప్‌కు మెసేజ్ వచ్చే లక్ష్యం ఎంచుకోవాలి. ఊళ్లు కూడా మీరే ఎంచుకోండి, నేను హైదరాబాద్, విశాఖ, బెంగళూరు పెట్టాను. రోజుకు 150 రూపాయలు. ఇక ముఖ్యమైనది: ప్రకటన పెట్టాక రోజూ కెలకకండి. ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. మీరు ఫొటో, ఊరు, లక్ష్యం మార్చిన ప్రతిసారీ ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. నేను ఆ టెన్షన్‌లో రోజుకు రెండుసార్లు మార్చేదాన్ని.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్‌ను చాలామందికి ఒకేసారి పంపడం) దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. 200 మందికి పంపితే ఎవరూ పలకలేదని చాలా బాధపడ్డాను. తర్వాత తెలిసింది, మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ చేరుతుందని. వాళ్లు నన్ను కాదనలేదు, అసలు వాళ్లకు అందనే లేదు. ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త పంట రాగానే చెప్తాను" అని చేతిరాతతో చీటీ పెడతాను.

క్యాష్ ఆన్ డెలివరీ కావాలన్న కొత్తవాళ్ల దగ్గర ముందు 100 రూపాయలు ఫోన్‌పేలో తీసుకుంటాను. తిప్పి పంపడం దాదాపు ఆగిపోయింది. పప్పు విరగకుండా మందం కవర్‌లో వ్యాక్యూమ్ పెట్టి, అట్టపెట్టెలో ఖాళీ లేకుండా కాగితం కుక్కుతాను. బద్దలు వచ్చిన ఆవిడకు ఆలస్యంగానైనా ఫోన్ చేసి, క్షమించమని అడిగి, కొత్త ప్యాకెట్ పంపాను. ఆవిడ ఇప్పటికి ఆరుసార్లు కొన్నారు.

పట్టుదల అంటే ఉన్న డబ్బంతా పోస్తూ కూర్చోవడం కాదు. నెలకు ప్రకటనలకు ఇంత అని ముందే రాసుకోండి, అది దాటితే ఆ నెలకు ఆపేయండి. అప్పు తెచ్చి ప్రకటన పెట్టకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, 15 రోజులు చూడండి, నాలుగు గళ్లలో అంకెలు రాయండి. ఆర్డర్ రాని రోజున సున్నా రాయండి, గడి మాత్రం ఖాళీ వదలకండి. నా పుస్తకంలో వరుసగా 9 సున్నాలు ఉన్న పేజీ ఉంది. ఆ 9 రోజులూ సాయంత్రం అరగంట పని మానలేదు.

ఆ అరగంటలో చేసేది ఇది. వాట్సాప్ బిజినెస్‌లో, అంటే వ్యాపారులకు ఉన్న వాట్సాప్ యాప్‌లో, చాట్లను విడదీసుకోవడానికి లేబుళ్లు పెట్టుకోవచ్చు. నాదొక లేబుల్ పేరు "వాలినవి". ధర అడిగి ఆగిపోయినవాళ్లందరూ అందులో ఉంటారు. రోజుకు ఐదుగురికి, ఒక్కొక్కరికి విడిగా, వాళ్లు అడిగినదాన్ని గుర్తుచేస్తూ రాస్తాను: "అమ్మా, పాయసానికి బద్ద చాలా అని అడిగారు కదా, కొత్తది వచ్చింది, పావుకిలో పంపనా?" వద్దన్నవాళ్లను మళ్లీ కదిలించను. ఆ 64 మందిలో ఇలా 14 మంది తర్వాత కొన్నారు.

ఇంట్లోవాళ్ల మాట కూడా ఉంటుంది. మా అత్తయ్య "ఫోన్ పట్టుకుంటే పప్పు అమ్ముడవుతుందా?" అనేవారు. నేను వాదించలేదు, పుస్తకం ఆవిడ చేతికిచ్చి రోజూ అంకెలు ఆవిడతోనే రాయించాను. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటితే ఆవిడే గుర్తుచేస్తారు.

ఈ నెల 1 నుంచి మార్చింది ఒక్కటే: ప్రకటనలో కిలో ప్యాకెట్ తీసేసి పావుకిలో ప్యాకెట్ చూపిస్తున్నాను. ఇవాళ్టికి అడిగినవాళ్లు 23, కొన్నవాళ్లు 5. 15వ తేదీ దాకా దాన్ని ముట్టుకోను.