ఇంగ్లీష్ కామిక్ ఇవ్వండి, కానీ ముందు మాటలు మూసేయండి

మన పిల్లలకు ఇంగ్లీష్ పేరా ఇస్తే చాలు, ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకుంటారు, అక్కడితో చదవడం అయిపోయినట్టే. అందులో ఉన్నది నిజమేనా, ఎవరు ఎందుకు అంటున్నారు అన్న అనుమానమే రాదు. ఆ అనుమానం పుట్టించడానికి కామిక్ భలే పనికొస్తుంది, భాష సగమే వచ్చినా బొమ్మ మొత్తం అర్థమవుతుంది కాబట్టి.

ఒక్క పేజీ చాలు. పాత్రల మాటలు రాసి ఉండే బెలూన్ల మీద కాగితం ముక్కలు అంటించి, బొమ్మలు మాత్రం చూపించి ఏం జరుగుతోందో అడగండి. తెలుగులోనే చెప్పనివ్వండి, ఇక్కడ ఇంగ్లీష్ అని పట్టుబడితే క్లాసంతా మౌనవ్రతమే. తర్వాత కాగితాలు తీసి చదివించండి. చాలా కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలే ఉంటాయి, మొదట్లో కాస్త తడబడతారు, కంగారుపడకండి.

నేనోసారి బోర్డు మీద మూడు గళ్ళు గీశాను. అమ్మ "డిడ్ యూ స్టడీ?" అంటుంది, కొడుకు "యెస్, ఆల్ ఈవినింగ్" అంటాడు, తలుపు వెనక మట్టి కొట్టుకున్న బ్యాటు. మూడో గడిలో అమ్మ మొహం, ఖాళీ బెలూను. చదివాడా అంటే అందరూ "యెస్ సార్!" రాసి ఉంది కదా మరి. ఎలా తెలుసు, బొమ్మలో చూపించు అన్నాక చివరి బెంచీ అమ్మాయి బ్యాటు మీద వేలు పెట్టింది. ఇంక "ఐ థింక్... బికాజ్..." అని రెండు ముక్కలు బోర్డు మీద రాసిచ్చా, మిగతాది వాళ్ళే పూరించారు.

గడికీ గడికీ మధ్య ఖాళీలో ఏం జరిగి ఉంటుందో కూడా ఇలాగే అడగొచ్చు.

పుస్తకాలంటారా, పిల్లల కామిక్ పత్రిక టింకిల్ పాత సంచికలు చాలు. అందులో సుప్పండి అనే అమాయకుడు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని కొంపలు ముంచుతాడు, మాటకూ ఉద్దేశానికీ తేడా చూపించడానికి అంతకంటే ఏం కావాలి! తొమ్మిది, పది తరగతుల వాళ్ళకైతే 1967లో మొదలైన పురాణ, చరిత్ర కథల కామిక్ సిరీస్ అమర్ చిత్ర కథ ఇచ్చి, రాక్షసులకు ఏ రంగు వేశారు, ఎందుకు అని అడగండి. ఈ రంగుల మీద విమర్శలు ఎప్పటినుంచో ఉన్నాయి, కానీ ముందే చెప్పేయకండి, వాళ్ళనే పట్టుకోనివ్వండి.

చివర్లో ఖాళీ బెలూను నింపమనండి. నా మూడో గడిలో అమ్మ మాటగా ఒకడు రాసింది: "షో మీ ద బ్యాట్."