ఫొటోలతో బెదిరిస్తున్నారని పిల్లలు చెప్పినప్పుడు

డబ్బు పంపొద్దు. ఈ ఒక్కసారికి ఇచ్చేస్తే పీడ వదులుతుందనిపిస్తుంది. కానీ ఒకసారి ఇచ్చినవాళ్ల దగ్గర ఇంకా రాబట్టొచ్చని అవతలివాడికి అర్థమైపోతుంది. అడిగే మొత్తం పెరుగుతుంది, గడువు తగ్గుతుంది. బతిమాలడం, బేరమాడడం, ఎదురు బెదిరించడం కూడా వద్దు. జవాబు వస్తున్నంతసేపూ వాడు వదలడు.

ఈ మోసం చాలామటుకు ఒకే దారిలో నడుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఆన్‌లైన్ గేములోనో పిల్లల ఈడు అమ్మాయి పేరుతో రిక్వెస్ట్ వస్తుంది. స్నేహితులు ఇద్దరు ముగ్గురు అప్పటికే ఆ ఖాతాను ఫాలో అవుతుంటే అనుమానం కూడా రాదు. కాసేపటికే వేరే యాప్‌లోకి రమ్మంటారు, ముందు తామే ఒక నగ్న ఫొటో పంపుతారు, తర్వాత అలాంటిదే పంపమని అడుగుతారు. ఫొటో చేతికందగానే ఫాలోవర్ల జాబితా స్క్రీన్‌షాట్ పంపి, డబ్బు రాకపోతే వీళ్లందరికీ పంపుతామంటారు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకపోవడమే వాళ్ల పద్ధతి. డబ్బు కోసం చేసే ఈ బెదిరింపులకు ఎక్కువగా చిక్కుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలని అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆడపిల్లల ఫోన్ల మీదే కన్నేసి ఉంచే ఇళ్లలో ఈ సంగతి తట్టదు.

ముందు సాక్ష్యం

భయంలో పిల్లలు మొదట చేసే పని చాట్ చెరిపేయడం, ఖాతా మూసేయడం. దాంతో ఆధారాలన్నీ పోతాయి. బెదిరింపు మెసేజ్‌లను తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. డబ్బు వేయమన్న ఖాతా నంబరు, వాడి ప్రొఫైల్ పేజీ కూడా తీయండి. పైకి కనిపించే పేరు ఒక్కటే ఎందుకూ పనికిరాదు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు విడిగా రాసుకోండి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీయండి. నగ్న ఫొటోను మాత్రం ఎవరికీ, సలహా కోసమైనా, ఫార్వర్డ్ చేయొద్దు. మైనర్ల అలాంటి చిత్రం ఎవరికి పంపినా చాలా దేశాల్లో నేరమే.

ఆ తర్వాత రిపోర్ట్, ఆపైన బ్లాక్. వాట్సాప్‌లో రిపోర్ట్ చేసేటప్పుడు చాట్ తొలగించే టిక్ కనిపిస్తే తీసేయండి. ఖాతాను ప్రైవేట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, తెలియని పరికరాలన్నిటి నుంచి లాగౌట్ చేయండి. దాచుకున్న స్క్రీన్‌షాట్లతో సైబర్ నేరాల పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

ఫొటో వ్యాపించకుండా

18 ఏళ్లు నిండకముందు తీసిన చిత్రాలకు టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. పేరు చెప్పక్కర్లేదు. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారైన హ్యాష్ అనే సంకేతం మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ హ్యాష్‌తో సరిపోలే చిత్రాలను వెతికి తీసేస్తాయి. హ్యాష్ కావాలంటే అసలు ఫొటో ఫోన్‌లో ఉండాలి, అందుకే గ్యాలరీని తొందరపడి ఖాళీ చేయొద్దు. కత్తిరించినా ఫిల్టర్ వేసినా హ్యాష్ మారిపోతుంది కాబట్టి పంపిన ప్రతి రూపానికీ విడిగా చేయాలి. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చూడలేని చాట్లలో తిరిగేవాటిని ఇది ఆపలేదు. ముఖం అతికించి ఏఐతో చేసిన నకిలీ చిత్రాలకూ ఈ సేవే వాడొచ్చు.

వీటన్నిటికన్నా ముందు ఒక మాట. ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే ఇంకో బెదిరింపు వచ్చినప్పుడు మీకు చెప్పరు. "ఎందుకు పంపావు" అనే ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. "తప్పు వాడిది, చెప్పి మంచి పని చేశావు" అనండి చాలు. మొదటి కొన్ని రాత్రులు ఒంటరిగా పడుకోనివ్వకండి. సిగ్గుతో ప్రాణం తీసుకోబోయిన పిల్లలున్నారు. చావు మాట ఎత్తితే అత్యవసర సేవలకు వెంటనే ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

తర్వాతి వారాల్లో కొత్త ఖాతాల నుంచి మళ్లీ మెసేజ్‌లు రావొచ్చు. జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ చేసి, బ్లాక్ చేస్తూ పోండి. రుసుము కడితే ఫొటోలు పూర్తిగా తొలగిస్తామంటూ వచ్చేవాళ్లనూ నమ్మొద్దు. ఇలాంటి బాధితులను వెతుక్కుంటూ వచ్చే రెండో మోసం అది.