పిల్లలకి మోషన్స్ అయితే జింక్ బిళ్ళ: 14 రోజులూ ఎలా వేయాలి

మూడో రోజుకి మోషన్స్ ఆగిపోయాయి కదా అని జింక్ బిళ్ళల షీట్ ఫ్రిజ్ మీద పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మా పాపకి పది నెలలప్పుడు నేనూ అయిదు బిళ్ళలతో ఆపేశాను, 14 రోజులు ఎందుకు వేయాలో అప్పుడు నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

చిన్నపిల్లల నీళ్ల విరేచనాలకి ఎక్కువసార్లు వైరస్‌లే కారణం, వాటిలో రోటా వైరస్ ముఖ్యమైనది. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చి పోయకండి. జింక్ కూడా వైరస్‌ని చంపే మందు కాదు. విరేచనాలతో పాటు ఒంట్లోని జింక్ పోతుంది, పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఆ లోటు తీరితే పొర కోలుకుని నీళ్లనీ లవణాలనీ మళ్లీ సరిగ్గా పీల్చుకుంటుంది, రోగాన్ని తట్టుకునే శక్తికీ ఆసరా దొరుకుతుంది. విరేచనాలు తొందరగా తగ్గడం ఒక లాభమైతే, కోర్సు పూర్తిచేసిన పిల్లలకి తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశం తగ్గడం ఇంకో లాభం, మనం మధ్యలో ఆపి పోగొట్టుకునేది దాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2004లోనే 10 నుంచి 14 రోజులు వేయమన్నాయి, మన దేశంలో 14 రోజులు ఇస్తారు.

ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకి అందులో సగం. రెండు నెలలు నిండని పసికందుకి విరేచనాలైతే ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా డాక్టర్ దగ్గరికే వెళ్లండి. శుభ్రంగా కడిగిన ఉగ్గుగిన్నెలోనో చెంచాలోనో బిళ్ళ వేసి, కాస్త తల్లిపాలు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ పోస్తే దానంతటదే కరిగిపోతుంది, నలగ్గొట్టక్కర్లేదు. కొంచెం లోహం రుచి ఉంటుంది, పిల్లలు మొహం తిప్పేస్తారు, ఓపిగ్గా కొద్దికొద్దిగా పట్టండి. అరగంటలోపు కక్కేస్తే అదే మోతాదు ఇంకోసారి వేయొచ్చు. సిరప్ అయితే ఒక్కో కంపెనీది ఒక్కో మోతాదు, 5 ఎం.ఎల్.లో ఎన్ని మిల్లీగ్రాములో సీసా మీద చదివాకే పట్టండి. ఆశా వర్కర్ దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితంగానే ఇస్తారు.

జింక్ ఒక్కటే వేసి ఊరుకుంటే లాభం లేదు, ప్రాణం నిలబెట్టేది ఓఆర్ఎస్, అంటే నీళ్లలో కలిపి పట్టే లవణాలూ గ్లూకోజూ ఉన్న పొడి. ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే లీటరే కలపాలి, బాగా పనిచేస్తుందని నీళ్లు తగ్గించి చిక్కగా కలిపితే ప్రమాదం, 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. వాటి మీద ఆ పేరు వాడుకోకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆంక్షలు పెట్టింది, ఆమెకి ఎంత రుణపడినా తక్కువే. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటితే గంజి, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఏది తింటే అది పెట్టండి, కడుపు మాడ్చడం వల్ల నీరసం పెరుగుతుందే తప్ప మోషన్స్ తగ్గవు.

కళ్లు లోతుకుపోయినా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారిలో కూడా ఓఆర్ఎస్ చెంచాలతో పడుతూ ఉండండి.

ఇదంతా చదివి పెద్దవాళ్లు జలుబుకీ జ్వరానికీ జింక్ మింగడం మొదలుపెట్టొద్దు. కరోనా అప్పుడు అందరం మింగాం, అమెరికాలో 2021లో వచ్చిన ఒక ట్రయల్‌లో రోజుకి 50 మిల్లీగ్రాములు ఇచ్చినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది.

మొదటి బిళ్ళ వేసిన రోజే గోడ క్యాలెండర్ మీద 14 గళ్లకి సున్నాలు చుట్టండి, వేసిన ప్రతిసారీ ఒకటి కొట్టేయండి. మధ్యలో అమ్మమ్మగారింటికి వెళ్లాల్సి వస్తే షీట్ కూడా పాప బట్టల సంచిలోనే పెట్టుకోండి.