పాత గేమ్ రిమోట్‌తో ఇంట్లో లైట్లు: స్విచ్‌బోర్డు విప్పే ముందు

అటక మీది పాత టీవీ వీడియో గేమ్ రిమోట్‌ను విప్పి చూడండి. అడుగున కార్బన్ ఉన్న రబ్బరు బటన్లు, అరచేతిలో పట్టేంత బోర్డు. 8 బటన్లలో ఏది నొక్కామో 4021 లాంటి చిప్ వరసగా చెబుతుంది, అందుకు 5 తీగలు చాలు. వాటిని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, బోర్డుకూ లైట్లకూ మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెడితే ‘A’ బటన్‌తో హాల్లో ట్యూబ్‌లైటు, ‘B’ బటన్‌తో బెడ్‌ల్యాంప్ వెలుగుతాయి. సెలవుల్లో పిల్లలతో చేయడానికి ఇంతకంటే మంచి పని నాకు తెలీదు. కానీ ఆ రిమోట్ చివరికి ఉండేది పిల్లల చేతిలోనే. 230 వోల్టులు ఏ దారిలోనూ ఆ తీగ దాకా రాకూడదు.

అన్నిటికంటే ముందు ఇన్వర్టర్ సంగతి. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి కలిపేదే లైట్లు, ఫ్యాన్ల లైను. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని అది అందుకుంటుంది, మనం వేలు పెట్టబోయే తీగలోకే మళ్లీ 230 వోల్టులు పంపుతుంది. నేనూ ఒకసారి మెయిన్ దించాను కదా అనే ధీమాతో బోర్డు విప్పాను. అలవాటు కొద్దీ టెస్టర్ ఆనిస్తే వెలిగింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇన్వర్టర్ స్విచ్, మెయిన్ రెండూ ఆపండి. ఆపకముందే టెస్టర్‌ను కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోండి. ఆపాక మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. ఎంసీబీ స్విచ్ ఉంది కదా అనుకోవద్దు. అది షార్ట్ అయినప్పుడు, లోడ్ ఎక్కువైనప్పుడు పడుతుంది, షాక్ కొట్టినప్పుడు కాదు. షాక్ నుంచి కాపాడటానికి ఉన్నది 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్. అదీ ఒకే మనిషి ఫేజ్, న్యూట్రల్ రెండూ పట్టుకుంటే గుర్తించలేదు.

ఇక ఈఎస్‌పీ32కీ రిలేకీ కావలసిన 5 వోల్టుల సప్లై. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక కెపాసిటర్‌తో వోల్టేజీ తగ్గించే చవక బోర్డులు దొరుకుతాయి. మీటర్ 5 వోల్టులే చూపిస్తుంది, కానీ ఆ తీగలు నేరుగా మెయిన్స్‌కు తగిలి ఉన్నట్టే లెక్క. వాటిని ముట్టుకోవద్దు. మంచి ఫోన్ చార్జర్ వాడండి.

రిమోట్‌కి 3.3 వోల్టులే ఇవ్వండి, 4021కి అది చాలు. 5 వోల్టులు ఇస్తే, ఏ బటన్ నొక్కామో చెప్పే డేటా తీగలోంచి ఆ 5 వోల్టులు తిరిగొచ్చి ఈఎస్‌పీ32 పిన్ను పోవచ్చు. నకలు రిమోట్లలో తీగల రంగులను నమ్మవద్దు, ఏ తీగ దేనిదో మీటర్‌తో ఒక్కొక్కటీ తేల్చుకోండి. రిలేలకు 0, 2, 12, 15 పిన్నులు వద్దు. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు వాటికి వేరే పని ఉంటుంది.

రిలే మీద 10 ఆంపులని రాసి ఉన్నా గీజర్, మోటారు జోలికి పోకండి. లైట్ల వరకే. మెయిన్స్ తీగలకూ 5 వోల్టుల తీగలకూ మధ్య కనీసం 8 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, రిలేను మూత ఉన్న ప్లాస్టిక్ బాక్సులో బిగించండి. పాత గేమ్ డబ్బాలోనే పెడితే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ దాని గాలి రంధ్రాల్లోంచి పిల్లల పిన్నీసు దూరుతుంది.

గోడ మీది స్విచ్ తీసేయకండి. మెట్ల లైటులాగా టూ-వే పద్ధతిలో కలపండి: గోడకు టూ-వే స్విచ్, దాని రెండు కొసల నుంచి రిలే రెండు కొసలకు తీగలు, రిలే కామన్ (ఆ రెండు కొసలకూ ఉమ్మడిది) నుంచి బల్బుకు. గ్యాడ్జెట్ చెడిపోయినా, రాత్రి నిద్రలేచిన అమ్మమ్మకు స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెకానిక్‌ల సిరీస్ బోర్డు వాడండి. 100 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో ఉంటుంది కాబట్టి ఎక్కడైనా షార్ట్ ఉంటే అది పూర్తి కాంతితో వెలుగుతుంది, మీ వైరింగు కాలదు. వెంటనే ఆపేసి వెతుక్కోవచ్చు. ఆ సమయంలో పిల్లలు రెండడుగులు వెనక ఉండాలి. మెయిన్ ఎక్కడుందో తెలిసిన పెద్దమనిషి ఒకరు దాని పక్కనే నిలబడాలి.