చిన్న అద్దం, కొలిచే టేపుతో సూర్యుడి వ్యాసం కనుక్కోవడం ఎలా?

సూర్యుడి వ్యాసం దాదాపు 13 లక్షల 92 వేల కిలోమీటర్లు. ఈ అంకెను స్కూల్లో చదువుతాం, పరీక్షలో రాస్తాం, తర్వాత మరచిపోతాం. కానీ దీన్ని ఎవరి మాటా నమ్మకుండా ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందనీ, సరూప త్రిభుజాల భుజాలు ఒకే నిష్పత్తిలో ఉంటాయనీ తెలిస్తే చాలు. హైస్కూలు పిల్లలు ఒక సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టి టిఫిన్ వేళకు పూర్తి చేయగలరు. కాస్త ఓపికగా చేస్తే వచ్చే జవాబు అసలు విలువకు నాలుగైదు శాతం తేడాలోపే ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. ఈ ప్రయోగంలో సూర్యుణ్ణి నేరుగా చూడాల్సిన పని ఎక్కడా లేదు, చూడకూడదు కూడా. అద్దంలో కనిపించే సూర్యుడు కూడా అంతే ప్రమాదం. కంటి వెనుక ఉండే రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి అది కాలిపోతున్నా మనకు తెలియదు. గోడ మీద పడే వెలుగునే చూడాలి, ఆ వెలుగులో ముఖం పెట్టి అద్దం వైపు తిరగకూడదు. అద్దం కాంతి రోడ్డు మీదికీ, ఎదురింటి కిటికీలోకీ పోకుండా చూసుకోండి. చిన్నపిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

గోడ మీద పడేది సూర్యుడి బొమ్మే

పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. మధ్యాహ్నం పూట పెంకుల సందుల్లోంచి నేల మీద ఎండపొడలు పడతాయి. సందులు వంకరటింకరగా ఉన్నా పొడలు మాత్రం గుండ్రంగా ఉంటాయి. చింతచెట్టు కిందా అంతే. ఆకుల మధ్య ఖాళీలకు ఒక ఆకారమంటూ ఉండదు, కింద పడేవి మాత్రం గుండ్రటి బిళ్లలు. ఆ గుండ్రదనం సందుది కాదు, సూర్యుడిది. ప్రతి బిళ్లా సూర్యుడి తలకిందులు బొమ్మ.

గ్రహణం రోజున ఈ సంగతి బాగా బయటపడుతుంది. సూర్యుడు నెలవంకలా మిగిలితే చెట్టు కింది బిళ్లలన్నీ నెలవంకలవుతాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా వెళ్లినప్పుడు చాలామంది తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. పెంకుల కింద కూర్చున్నవాళ్లకు అసలు గ్రహణం ఇంట్లో నేల మీదే కనిపించే అవకాశం ఉండింది. హంపి విరూపాక్ష దేవాలయంలో ఒక చీకటి గది గోడ మీద రాజగోపురం తలకిందులుగా కనిపించడానికీ ఇదే కారణం.

తలకిందులు ఎందుకవుతుందంటే, సూర్యుడి పై అంచు నుంచి వచ్చే కిరణం రంధ్రం గుండా తిన్నగా పోయి కింద పడుతుంది, కింది అంచు నుంచి వచ్చేది పైన పడుతుంది. కిరణాలు రంధ్రం దగ్గర కత్తెరలా దాటుకుంటాయి. అందువల్ల రంధ్రానికి అటూ ఇటూ రెండు సరూప త్రిభుజాలు ఏర్పడతాయి. సూర్యుడి వ్యాసాన్ని సూర్యుడి దూరంతో భాగిస్తే ఎంత వస్తుందో, గోడ మీది బొమ్మ వ్యాసాన్ని రంధ్రం నుంచి గోడకున్న దూరంతో భాగిస్తే అంతే వస్తుంది. మనం చేయబోయే లెక్కంతా ఈ ఒక్క వాక్యమే.

1. అద్దం సిద్ధం చేసుకోండి

మామూలు చదునైన అద్దం కావాలి. ముఖాన్ని పెద్దదిగా చూపించే షేవింగ్ అద్దం పనికిరాదు, దాని ఉపరితలం వంపు తిరిగి ఉంటుంది. అద్దానికి సరిపడా నల్ల చార్ట్ ముక్క కత్తిరించి, ఆఫీసు కాగితాలకు వాడే పంచింగ్ మిషన్‌తో మధ్యలో ఒక చిల్లు వేయండి. మిషన్ అంచు నుంచి మధ్యదాకా అందకపోతే ముక్కను చిన్నదిగా కత్తిరించి, మిగతా అద్దాన్ని వేరే కాగితంతో మూసేయండి. ఈ ముక్కను అద్దం మీద పెడితే పైన చెప్పిన రంధ్రం పని ఈ చిల్లే చేస్తుంది, అద్దం వెలుగును గోడ వైపు తిప్పుతుంది. ఆ చిల్లు దాదాపు 6 మి.మీ. ఉంటుంది. సరిగ్గా ఎంతుందో తెలియకపోయినా మన లెక్క చెడదు, ఎందుకో కాసేపట్లో చూద్దాం.

అద్దం కదలకుండా నిలబడాలి. గిన్నెలో బియ్యమో ఇసుకో పోసి అద్దాన్ని అందులో గుచ్చితే ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో నిలుస్తుంది. దీనికంటే మంచి స్టాండు నాకు తెలియదు.

2. చోటు, సమయం

అద్దం ఎండలో, గోడ చీకట్లో ఉండాలి, రెండింటి మధ్యా 10 మీటర్ల దాకా ఖాళీ కావాలి. వాకిట్లో అద్దం పెట్టి తలుపు గుండా లోపలి గోడ మీదికి వెలుగు పంపవచ్చు. అపార్ట్‌మెంట్లలో ఎండ తగిలే కారిడార్ సరిపోతుంది. పొద్దున 8 నుంచి 10 మధ్య, లేదా సాయంత్రం 4 ప్రాంతంలో సూర్యుడు కాస్త కిందికి ఉంటాడు కాబట్టి వెలుగును అడ్డంగా తిప్పడం సులువు.

గదిని వీలైనంత చీకటి చేయండి. 10 మీటర్ల దూరంలో బొమ్మ దాదాపు 10 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 6 మి.మీ. చిల్లులోంచి వచ్చిన కాంతి అంతా అంత జాగాలో పరుచుకోవాలి కాబట్టి ఎండ రెండు వందల రెట్లకు పైగా పలచబడుతుంది. కర్టెన్లు వేయకపోతే అంచులు కనిపించవు.

3. దూరాన్ని మారుస్తూ చూడండి

కొలతలు మొదలుపెట్టకముందు ఈ పని తప్పకుండా చేయమంటాను. ఇంకో చార్ట్ ముక్కలో సెంటీమీటరు భుజంతో త్రిభుజం ఆకారంలో చిల్లు కోసి అద్దం మీద పెట్టండి. ఒక తెల్ల అట్టను అద్దానికి జానెడు దూరంలో పట్టుకుంటే త్రిభుజం కనిపిస్తుంది. అట్ట పట్టుకుని మెల్లగా వెనక్కి నడవండి. రెండు మూడు మీటర్లకు మూలలు కరిగిపోతాయి, ఇంకా వెళితే చక్కటి వృత్తం వస్తుంది.

సూర్యుడి మీది ప్రతి బిందువూ అట్ట మీద ఒక చిన్న త్రిభుజాన్ని వేస్తుంది. దగ్గర్లో ఈ త్రిభుజాలన్నీ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి త్రిభుజమే కనిపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ అవి సూర్యుడి ఆకారంలో విడిపోయి పరుచుకుంటాయి. చిల్లు సైజుకు దాదాపు 107 రెట్ల దూరం, అంటే ఇక్కడ మీటరు పైచిలుకు దాటాక సూర్యుడి ఆకారానిదే పైచేయి అవుతుంది. పుస్తకంలో గీసిన బొమ్మ ఎన్నిసార్లు చూసినా రాని నమ్మకం ఈ పది అడుగుల నడకతో వస్తుంది.

4. రెండు చోట్ల కొలవండి

మళ్లీ గుండ్రటి చిల్లున్న చార్ట్ పెట్టండి. తెల్ల కాగితం అంటించిన అట్టను అద్దానికి 4 మీటర్ల దూరంలో నిలబెట్టి బొమ్మ వ్యాసం కొలవండి. తర్వాత అద్దాన్ని ముట్టుకోకుండా అట్టను 10 మీటర్లకు జరిపి మళ్లీ కొలవండి. దూరం అంటే కాంతి నడిచిన దారి పొడవు, నేల మీది దూరం కాదు. వడ్రంగులు వాడే స్టీల్ టేపును అద్దం నుంచి అట్ట దాకా గాల్లో బిగుతుగా లాగి కొలవండి. బొమ్మ కోడిగుడ్డులా సాగితే అట్ట వెలుగుకు ఎదురుగా లేదని అర్థం. గుండ్రంగా అయ్యేవరకు అట్టను తిప్పండి.

ఇద్దరుంటే పని బాగా సాగుతుంది, ఎందుకంటే బొమ్మ ఒకచోట ఆగదు. 10 మీటర్ల దగ్గర నిమిషానికి 4 సెం.మీ. పైగా జరుగుతుంది. అద్దం జారడం లేదు, భూమి తిరుగుతోంది. కాబట్టి ముందు పెన్సిల్‌తో రెండు అంచులూ గుర్తు పెట్టేయండి, తర్వాత స్కేలుతో తీరిగ్గా కొలుచుకోండి. అంచులు మసకగా ఉంటాయి. కంటికి ఆనే చివరి వెలుగు దాకా కొలవాలని ముందే అనుకుని, రెండు చోట్లా అదే పద్ధతి పాటించండి. చోటుకు అయిదేసి సార్లు కొలిచి సగటు తీయండి.

5. లెక్క

4 మీటర్ల దగ్గర 43 మి.మీ., 10 మీటర్ల దగ్గర 99 మి.మీ. వచ్చాయనుకుందాం. చాలామంది ఇక్కడ ఒక్క కొలతతోనే లెక్క కట్టేస్తారు. 4000ను 43తో భాగిస్తే 93 వస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం 14 కోట్ల 96 లక్షల కి.మీ. దాన్ని 93తో భాగిస్తే 16 లక్షల కి.మీ. పైన వస్తుంది. ఇది 15 శాతం ఎక్కువ. 10 మీటర్ల కొలత తీసుకున్నా 14 లక్షల 81 వేలు, అదీ ఎక్కువే.

తప్పంతా చిల్లుది. చిల్లు ఒక చుక్క కాదు, దానికీ వెడల్పుంది. ఆ వెడల్పు బొమ్మ వ్యాసానికి కలుస్తుంది. అయితే దగ్గరైనా దూరమైనా అది కలిపేది ఒకే మొత్తం. కాబట్టి ఒక కొలతలోంచి ఇంకోటి తీసేస్తే చిల్లు వెడల్పు దానంతటదే ఎగిరిపోతుంది. 99లోంచి 43 పోతే 56 మి.మీ. దూరంలో తేడా 6000 మి.మీ. 6000ను 56తో భాగిస్తే 107.1. ఇప్పుడు 14 కోట్ల 96 లక్షలను 107.1తో భాగించండి. 13 లక్షల 97 వేల కి.మీ. వస్తుంది.

ఈ తీసివేత నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. చిల్లు సైజు తెలుసుకోకుండానే దాని ప్రభావాన్ని తొలగించాం. ల్యాబుల్లో శాస్త్రవేత్తలు రోజూ చేసే పని ఇదే. మారకుండా అంటిపెట్టుకుని ఉండే దోషాన్ని రెండు కొలతల తేడాతో వదిలించుకుంటారు.

మీ జవాబు పక్కన దోషం ఎంతో కూడా రాయండి. అంచుల మసక వల్ల 2 మి.మీ. అటూ ఇటూ అయితే వ్యాసంలో 50 వేల కి.మీ. తేడా వస్తుంది, అంటే నాలుగు భూములు వరసగా పేర్చినంత. ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. మీరు సొంతంగా కొలిచింది 107 అనే నిష్పత్తిని, సూర్యుడి దూరాన్ని కాదు. దూరాన్ని కనుక్కోవడానికి 1761, 1769లలో శుక్రుడు సూర్యబింబం ముందు నుంచి దాటినప్పుడు (దీన్నే శుక్ర అంతర్యానం అంటారు) శాస్త్రవేత్తలు ఓడల్లో ప్రపంచమంతా తిరిగారు. 1961లో శుక్రగ్రహం మీదికి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయంతో చాలా కచ్చితంగా తేల్చారు.

6. ఆరు నెలల తర్వాత మళ్లీ

1655లో ఇటలీలోని బొలోన్యా నగరంలో, సాన్ పెత్రోనియో చర్చిలో, 27 మీటర్ల ఎత్తున రంధ్రం చేయించి కాసీని అనే ఖగోళ శాస్త్రవేత్త నేల మీద పడే సూర్యబింబాన్ని ఏడాది పొడవునా కొలిచాడు. బింబం చలికాలంలో కొంచెం పెద్దదిగా, వేసవిలో కొంచెం చిన్నదిగా ఉంది. ఏడాదిలో సూర్యుడు నక్షత్రాల మధ్య జరిగే వేగంలో మనకు కనిపించే మార్పుల్లో దూరం వల్ల వచ్చేది కొంతే, మిగతాది నిజంగా వేగంలోని మార్పేనని ఆ కొలతలు చెప్పాయి. గ్రహాలు సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతాయని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చెప్పింది దానితో సరిపోయింది.

మనమూ ఆ పని చేయవచ్చు. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది రోహిణి కార్తెలో కాదు, సంక్రాంతికి ముందు జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం 14 కోట్ల 71 లక్షల కి.మీ. జూలై మొదట్లో అది 15 కోట్ల 21 లక్షలవుతుంది. ఎండాకాలం వేడికి దగ్గరతనం కారణం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 10 మీటర్ల దగ్గర ఈ రెండు రోజుల బొమ్మలకు తేడా సుమారు 3 మి.మీ. మాత్రమే. అదే చార్ట్, అదే చిల్లు, అదే దూరం ఉంచి, అద్దాన్నీ వీలైనంత అదే కోణంలో పెట్టి, ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తేనే అది అందుతుంది. జూలైలో మబ్బుల మధ్య ఎండ దొరికిన పూటే పట్టుకోవాలి. అందుకే పెన్సిల్ గుర్తులున్న కాగితం మీద తేదీ, దూరం రాసి, చిల్లున్న చార్ట్‌తో కలిపి ఒక కవర్లో భద్రంగా పెట్టుకోండి.