ఇరవై ఏడో గడి: త్రుటిలో తప్పిపోయిన పర్‌ఫెక్ట్ గేమును స్కోరు కాగితం మీద చదవడం ఎలా

బేస్‌బాల్‌లో పర్‌ఫెక్ట్ గేమ్ అంటే, తొమ్మిది ఇన్నింగ్స్‌లో తన ఎదుటికి వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కరిని కూడా, ఏ కారణం చేతనైనా సరే, మొదటి బేస్‌కు (పరుగు పూర్తి చేయడానికి తాకాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిదానికి) చేరనివ్వకుండా పిచర్, అంటే బంతి వేసేవాడు, వరసగా ఔట్ చేయడం. అమెరికా మేజర్ లీగుల్లో ఇది 1880లో లీ రిచ్‌మండ్‌తో మొదలై 2023 జూన్ 28న ఓక్లండ్‌లో డొమింగో హెర్మాన్ ఆడిన ఆట వరకు కేవలం 24 సార్లు జరిగింది. ఇప్పుడు ఒక్క సీజన్‌లోనే 2,430 లీగు ఆటలు జరుగుతాయన్న సంగతి గుర్తు పెట్టుకుంటే ఆ 24 ఎంత చిన్న సంఖ్యో తెలుస్తుంది. క్రికెట్ చూసి పెరిగిన మనకు 1999 ఫిబ్రవరిలో ఢిల్లీలో అనిల్ కుంబ్లే పాకిస్తాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో తీసిన పది వికెట్లే ఇలాంటి సందర్భానికి కొలమానంగా తోస్తాయి. అయితే కుంబ్లే ఆ పది వికెట్లకు 74 పరుగులు ఇచ్చాడు. ఇక్కడ పిచర్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు.

ఈ వ్యాసం ఆ 24 ఆటల గురించి కాదు. ఆ జాబితాలోకి అడుగు దూరంలో ఆగిపోయిన ఆటలను చూస్తున్నప్పుడు గాని, పాత రికార్డుల్లో చదువుతున్నప్పుడు గాని, స్కోరు కాగితం మీద వాటిని ఎలా గుర్తించాలో, ఎలా రాసుకోవాలో చెప్పడమే దీని పని. టీవీ తెర మీద కనిపించే అంకెలు ఎంతమంది ఔటయ్యారో చెబుతాయి గాని, ఆట ఎక్కడ, ఎవరి చేతిలో చిట్లిందో చెప్పవు. దానికి ఒక పెన్సిలు, గడులు గీసిన ఒక కాగితం కావాలి.

ముందుగా కాగితం సిద్ధం చేసుకోవాలి. నిలువుగా తొమ్మిది మంది బ్యాటర్ల పేర్లు, వారి వరుస క్రమంలో రాసుకోవాలి. అడ్డంగా ఇన్నింగ్స్‌కు ఒకటి చొప్పున తొమ్మిది గడులు గీయాలి, పక్కన మరో మూడు నాలుగు గడులకు చోటు వదలాలి (ఎందుకో చివర్లో తెలుస్తుంది). ప్రతి గడి మధ్యలో చిన్న వజ్రాకారం ఉంటుంది. బ్యాటర్ ఏ బేస్ దాకా వెళితే ఆ అంచు వరకు గీతను దిద్దుతారు. ఫీల్డర్లను పేర్లతో కాక స్థానపు అంకెలతో రాయడం ఆనవాయితీ: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ, మధ్య, కుడి ఔట్‌ఫీల్డర్లు వరసగా 7, 8, 9. షార్ట్‌స్టాప్ ఆరు అనేది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది, రెండు ఆటలు రాస్తే చేతికి అలవాటవుతుంది. బంతి షార్ట్‌స్టాప్‌కు దొర్లి, అతడు మొదటి బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3 అని రాస్తాం. స్ట్రైకౌట్‌కు (మూడు స్ట్రైక్‌లు, అంటే ఊపి తప్పినవో, సరైన పరిధిలో పడ్డా కొట్టనివో, పడి బ్యాటర్ ఔటవడానికి) ఇంగ్లీషు ‘కె’ అక్షరం. ఈ గుర్తును పందొమ్మిదో శతాబ్దపు పత్రికా రచయిత హెన్రీ చాడ్విక్ ‘స్ట్రక్’ అనే మాటలోని చివరి అక్షరం నుంచి తీసుకున్నాడు. బ్యాటర్ బ్యాటు ఊపకుండా నిలబడి ఉండగానే మూడో స్ట్రైక్ పడితే అదే అక్షరాన్ని వెనక్కి తిప్పి రాస్తారు. ప్రతి గడి మూలలో ఆ ఇన్నింగ్స్‌లో ఎన్నో ఔటో ఆ అంకె వేసి చుట్టూ సున్నా చుట్టాలి.

పర్‌ఫెక్ట్ గేమ్ కాగితం పూర్తయ్యాక చూస్తే ఎంతో బోసిగా ఉంటుంది. ఇరవై ఏడు గడుల్లో ఒక్క వజ్రానికీ గీత దిద్ది ఉండదు, సున్నాలు చుట్టిన ఒకట్లు, రెళ్లు, మూళ్లు మాత్రం బారులు తీరి ఉంటాయి. అదీగాక ఆ గడులు మెట్లలా దిగుతాయి: మొదటి ఇన్నింగ్స్‌లో 1 నుంచి 3 వరకు బ్యాటర్లు, రెండో దానిలో 4 నుంచి 6, మూడో దానిలో 7 నుంచి 9, మళ్లీ నాలుగో దానిలో మొదటివాడు. ఆట మధ్యలో టీవీ పెట్టినవారికి దీనివల్ల ఒక చక్కటి కిటుకు దొరుకుతుంది. నాలుగో ఇన్నింగ్స్‌ను గాని, ఏడో ఇన్నింగ్స్‌ను గాని వరుసలో మొదటి బ్యాటరే ప్రారంభిస్తున్నాడంటే, ఆ పిచర్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

అయితే ఆ కిటుకును గుడ్డిగా నమ్మకూడదు. 1917 జూన్ 23న బోస్టన్‌లో రెడ్ సాక్స్ పిచర్‌గా ఆట మొదలుపెట్టిన బేబ్ రూత్ మొదటి బ్యాటర్ రే మోర్గాన్‌కు నాలుగు బాల్స్ (పరిధి బయట పడ్డ బంతులు) వేసి వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) ఇచ్చాడు. ఆ నిర్ణయాల మీద అంపైర్‌తో తగువు పెట్టుకుని మైదానం నుంచి గెంటివేయబడ్డాడు. అతడి స్థానంలో వచ్చిన ఎర్నీ షోర్ ఆట అందుకోగానే మోర్గాన్ రెండో బేస్ దొంగిలించబోయి (బంతిని ఎవరూ కొట్టకముందే అక్కడికి పరుగెత్తబోయి) ఔటయ్యాడు; ఆ తర్వాత 26 మందిని షోర్ వరసగా ఔట్ చేశాడు. బ్యాటింగుకు వచ్చింది సరిగ్గా 27 మందే, మెట్ల వరుస కూడా చెదరలేదు, కానీ మొదటి గడిలో మొదటి బేస్ దాకా ఒక గీత ఉంది. ఈనాటి లెక్కల్లో అది రూత్, షోర్ ఇద్దరి ఉమ్మడి నో-హిట్టర్ మాత్రమే. కాబట్టి వరుసను చూశాక, గడులను కూడా ఒక్కొక్కటిగా చూడాలి.

ఇక్కడ రెండు మాటల తేడా తెలియాలి. నో-హిట్టర్‌లో ప్రత్యర్థికి హిట్ (బంతిని కొట్టి, ఫీల్డర్ పొరపాటు లేకుండానే బేస్ చేరడం) ఉండకూడదు, అంతే; వాక్ ద్వారానో, బంతి ఒంటికి తగలడం ద్వారానో, ఫీల్డర్ ఎర్రర్ (పొరపాటు) ద్వారానో బ్యాటర్ బేస్ చేరినా నో-హిట్టర్ నిలుస్తుంది. పర్‌ఫెక్ట్ గేమ్ వీటిలో దేనినీ సహించదు. అందుకే త్రుటిలో తప్పిన ఆట కాగితాన్ని చదివేటప్పుడు మొదటి ప్రశ్న ‘ఎన్నో బ్యాటర్ దగ్గర’ అన్నది కాదు, ‘ఏ గుర్తుతో’ అన్నది. వాక్, ఒంటికి తగిలిన బంతి పిచర్ చేతిలోంచి వచ్చినవి. ఎర్రర్ అతడి సహచరుడిది. హిట్ ప్రత్యర్థిది, కొంతవరకు అదృష్టానిది. ఇవేవీ కాక అంపైర్‌ది అయిన సందర్భమూ ఉంది, దానికి మాత్రం స్కోరు కాగితంలో గుర్తే లేదు.

ఆరో ఇన్నింగ్స్ ముగిసేదాకా ఎవరూ బేస్ చేరకపోతే పెన్సిలును కాస్త గట్టిగా పట్టుకోవచ్చు. అప్పటి నుంచి గడి పక్కనే పిచ్‌ల (పిచర్ వేసిన బంతుల) సంఖ్య కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఈ కాలంలో పర్‌ఫెక్ట్ గేమును బ్యాటర్ల కంటే మేనేజర్లే ఎక్కువగా ఆపుతారేమోనని అనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 13న మినియాపోలిస్ చలిలో క్లేటన్ కెర్షా ఏడు ఇన్నింగ్స్ పాటు 21 మందిని వరసగా, 13 స్ట్రైకౌట్లతో, 80 పిచ్‌లలోనే ఔట్ చేసినా, డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అతడిని తప్పించాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే తర్వాతి పిచర్ హిట్ ఇచ్చాడు. అదే నెలలో జపాన్‌లో 20 ఏళ్ల రోకి ససాకి 19 స్ట్రైకౌట్లతో పర్‌ఫెక్ట్ గేమ్ ఆడి, సరిగ్గా వారానికి తర్వాతి ఆటలో మరో ఎనిమిది పర్‌ఫెక్ట్ ఇన్నింగ్స్ వేసి, 102 పిచ్‌లు అయ్యాయని బయటికి వచ్చేశాడు. కుర్రవాడి భుజాన్ని కాపాడటం తప్పని నేను అనలేను, చూస్తున్నవాడికి మాత్రం నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టే ఉంటుంది. ఇలాంటి ఆటలో చివరి పర్‌ఫెక్ట్ గడి కింద మందపాటి అడ్డగీత గీసి, కొత్త పిచర్ పేరు రాయాలి.

ఇదే సమయంలో పిచర్ కూర్చునే డగౌట్‌ను కూడా గమనించాలి. సహచరులు అతడి పక్కన కూర్చోరు, జరుగుతున్నదాని గురించి నోరెత్తరు. మాట్లాడితే దిష్టి తగులుతుందన్నట్టు ఉంటుంది వ్యవహారం. ప్రత్యర్థికి కూడా రాయని నియమాలున్నాయి. 2001 మేలో శాన్ డియాగోలో కర్ట్ షిలింగ్ 22 మందిని వరసగా ఔట్ చేశాక, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పాడ్రెస్ క్యాచర్ బెన్ డేవిస్ బంతిని మెల్లగా తట్టి బంట్ ద్వారా బేస్ చేరితే, అరిజోనా మేనేజర్ బాబ్ బ్రెన్లీ అది మర్యాద కాదని మండిపడ్డాడు. అప్పటికి ఆట 2-0 మాత్రమే. గెలవడానికి ఆడేవాడు బేస్ చేరడానికి ప్రయత్నించకూడదనడం నాకు సబబుగా తోచదు.

ఇక ఇరవై ఏడో గడి. ముగ్గురేసి చొప్పున లెక్క వేస్తే అది వరుసలో తొమ్మిదో స్థానానిదే అవుతుంది. సాధారణంగా అది జట్టులో బలహీనమైన బ్యాటర్ చోటు కనుక, మేనేజర్ అక్కడికి తరచుగా పించ్ హిట్టర్‌ను (అతడి బదులు మరో బ్యాటర్‌ను) పంపుతాడు. పాత పేరు పక్కన కొత్త పేరు రాయడం మరచిపోకూడదు. 2001 సెప్టెంబరు 2న ఫెన్‌వే పార్కులో యాంకీస్ పిచర్ మైక్ ముసీనా 26 మందిని ఔట్ చేసి, పించ్ హిట్టర్ కార్ల్ ఎవరెట్‌ను రెండు స్ట్రైక్‌ల దాకా తెచ్చి, సింగిల్ (మొదటి బేస్ దాకా చేర్చే హిట్) ఇచ్చాడు. ఆ రోజు బోస్టన్ తరఫున ఎదురుగా 1-0తో ఓడింది, రెండేళ్ల క్రితం అదే యాంకీస్‌కు పర్‌ఫెక్ట్ గేమ్ ఆడిపెట్టిన డేవిడ్ కోన్. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారికి సొంత జట్టయిన రేంజర్స్‌కూ అలాంటి గాయం ఒకటుంది: 2013 ఏప్రిల్ 2న హ్యూస్టన్‌లో యు డార్విష్ 14 స్ట్రైకౌట్లు చేశాక, తొమ్మిదో స్థానపు మార్విన్ గొంజాలెజ్ కొట్టిన బంతి డార్విష్ కాళ్ల మధ్య నుంచే దూసుకుపోయింది.

పిచర్ చేతిలోనే చెడిన గడులు ఇంకో రకం. 1908 జులై 4న న్యూయార్క్ జెయింట్స్‌కు చెందిన హుక్స్ విల్ట్‌సీ 27వ బ్యాటర్‌ను, అదీ ఎదుటి జట్టు పిచర్ మెక్‌క్విలన్‌ను, బంతితో కొట్టాడు. 107 ఏళ్ల తర్వాత, 2015 జూన్ 20న, వాషింగ్టన్ పిచర్ మాక్స్ షెర్జర్ వేసిన బంతి కూడా అలాగే 27వ బ్యాటర్ హోసే తబాటా మోచేతికి తగిలింది. అతడు తప్పుకోవడానికి ప్రయత్నించలేదని చాలామంది అన్నారు. తర్వాతి బ్యాటర్ ఔటవడంతో షెర్జర్‌కు నో-హిట్టర్ మిగిలింది. 1972లో షికాగో కబ్స్ పిచర్ మిల్ట్ పాపాస్‌కు మిగిలిందీ అదే: 27వ బ్యాటర్ లారీ స్టాల్‌కు రెండు స్ట్రైక్‌లు పడ్డాక వేసిన బంతులను అంపైర్ బ్రూస్ ఫ్రోమింగ్ వరసగా బాల్స్ అన్నాడు, వాక్ అయింది. ఆ అంపైర్ మీద పాపాస్‌కు కోపం తర్వాత కూడా చల్లారలేదు. దీని పక్కన 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ పర్‌ఫెక్ట్ గేమ్ కాగితాన్ని పెట్టి చూడాలి. అక్కడ 27వ గడిలో తిప్పి రాసిన ‘కె’ ఉంటుంది. ఆ బంతి బయటికి పోయిందని డేల్ మిచెల్ చివరిదాకా వాదించాడు. లార్సెన్ ఆటలో స్ట్రైక్ అంటూ అంపైర్ చెయ్యి లేచింది, పాపాస్ ఆటలో లేవలేదు.

గుర్తు లేని గడి అన్నది 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో ఆర్మాండో గలరాగాది. క్లీవ్‌లండ్‌కు చెందిన 26 మంది ఔటయ్యారు. 27వ వాడు జేసన్ డోనల్డ్ కొట్టిన బంతిని మొదటి బేస్ వైపున్న మిగెల్ కబ్రేరా అందుకుని, బేస్ మీదికి పరుగెత్తుకొచ్చిన గలరాగాకు విసిరాడు. సరిగ్గా రాస్తే 3-1, మూడో ఔట్, ఆట సమాప్తం. అంపైర్ జిమ్ జాయిస్ ‘సేఫ్’ అన్నాడు. రీప్లేలో ఔట్ అని స్పష్టంగా కనిపించింది, కానీ ఆ రోజుల్లో హోమ్ రన్లకు (సాధారణంగా బంతి కంచె దాటే దెబ్బలకు) సంబంధించిన నిర్ణయాలకే రీప్లే చెల్లేది. గలరాగా ఒక్క చిరునవ్వు నవ్వి, మళ్లీ వెళ్లి 28వ వాడిని ఔట్ చేశాడు, మొత్తం 88 పిచ్‌లు. తప్పు తెలుసుకున్న జాయిస్ దాచుకోకుండా ఒప్పుకున్నాడు. మర్నాడు జట్టు జాబితా కాగితాన్ని గలరాగాయే తెచ్చి చేతికిస్తే, అందరి ముందూ కన్నీళ్లు తుడుచుకున్నాడు. కమిషనర్ బడ్ సీలిగ్ నిర్ణయాన్ని మార్చలేదు. బేస్‌ల దగ్గరి ఔట్, సేఫ్ నిర్ణయాలు 2014 నుంచి రీప్లే పరిధిలోకి వచ్చాయి. కాగితం మీద ఆ గడిలో అధికారికంగా సింగిల్ గుర్తే వేయాలి. నేనైతే దాని పక్కనే, చిన్న అక్షరాలతో, 3-1 అని కూడా రాసుకుంటాను.

పక్కన వదిలిన అదనపు గడుల సంగతి ఇప్పుడు చూద్దాం. తొమ్మిది ఇన్నింగ్స్ పర్‌ఫెక్ట్‌గా వేసినా సొంత జట్టు పరుగు చేయకపోతే ఆట పొడిగింపుకు వెళుతుంది, ఆ పొడిగింపులో ఎవరైనా బేస్ చేరితే పర్‌ఫెక్ట్ గేమ్ రద్దవుతుంది. 1995 జూన్ 3న మాంట్రియల్ పిచర్ పెడ్రో మార్టినెజ్ 27 మందిని ఔట్ చేసి, పదో ఇన్నింగ్స్‌లో 28వ వాడు బిప్ రాబర్ట్స్‌కు డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) ఇచ్చాడు. 2017 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లో డాడ్జర్స్ పిచర్ రిచ్ హిల్‌కు ఇంకా అన్యాయం జరిగింది: తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లో మూడో బేస్ దగ్గర ఎర్రర్‌తో పర్‌ఫెక్ట్ గేమ్ పోయింది, పదో ఇన్నింగ్స్‌లో జాష్ హారిసన్ హోమ్ రన్‌తో నో-హిట్టర్, ఆట రెండూ ఒకేసారి పోయాయి. షెర్జర్ ఆటలో తబాటా తర్వాత వచ్చి ఔటైన ఆఖరి బ్యాటర్ కూడా ఈ హారిసనే.

వీటన్నిటికంటే విచిత్రమైన కాగితం హార్వీ హాడిక్స్‌ది. సాధన చేయాలనుకునేవారు దీన్ని చేత్తో ఒకసారి రాసి చూడాలి. 1959 మే 26న మిల్వాకీలో పిట్స్‌బర్గ్ తరఫున, ఒంట్లో నలతగా ఉండగానే, అతడు 12 ఇన్నింగ్స్‌లో 36 మందిని వరసగా ఔట్ చేశాడు. అవతల లూ బర్డెట్ 12 హిట్‌లు ఇచ్చి కూడా ఒక్క పరుగు ఇవ్వలేదు. పదమూడో ఇన్నింగ్స్ గడిలో ముందుగా ఫీలిక్స్ మాంటియా పేరు దగ్గర ఎర్రర్ గుర్తు, పక్కన 5 వేయాలి, మూడో బేస్ ఆటగాడు డాన్ హోక్ విసురు తప్పింది. తర్వాత ఎడ్డీ మాథ్యూస్ బంట్ కొట్టి తాను ఔటై, మాంటియాను రెండో బేస్‌కు పంపాడు. హ్యాంక్ ఆరన్‌కు కావాలనే వాక్ ఇచ్చారు. ఆ తర్వాత జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు, నో-హిట్టర్ కూడా ఆ దెబ్బతోనే పోయింది. గెలుపు పరుగు వచ్చేసిందనుకున్న ఆరన్ దారి మధ్యలోనే పక్కకు తప్పుకోవడంతో ఆడ్‌కాక్ అతడిని దాటి ముందుకు పోయాడు, అది నిబంధనకు విరుద్ధం. అందుచేత నేషనల్ లీగ్ అధ్యక్షుడు వారెన్ గైల్స్ ఆ ఆటను 1-0 అని తేల్చాడు. ఆడ్‌కాక్ వజ్రంలో నాలుగు అంచులూ దిద్దకూడదు, డబుల్ కాబట్టి రెండు అంచుల దగ్గరే పెన్సిలు ఆపాలి. హోమ్ దాకా గీత చేరేది మాంటియా గడిలో మాత్రమే. హాడిక్స్ పేరు కింద ఓటమి రాయాలి.