ఇంట్లో కట్టే హాట్ రాడ్ రోడ్‌స్టర్ – 4వ పాఠం: బండి తిన్నగా పోవాలంటే

పోయిన పాఠంతో చాసిస్ వెల్డింగు, వెనక ఇరుసు బిగింపు అయిపోయాయి. 1932 ఫోర్డు తరహా చాసిస్, దాని మీద 1929 మోడల్ ఏ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని కారు) బాడీ, ముందు షెవర్లే 350 వీ8 ఇంజను. ఇదీ మనం కడుతున్న హాట్ రాడ్, అంటే పాత కారుకి బలమైన ఇంజను పెట్టి వేగం కోసం మార్చిన బండి. మడ్‌గార్డులు తీసేసి, బాడీని చాసిస్ పట్టాల మీద కూర్చోబెట్టిన ఈ తరహాని అమెరికాలో హైబాయ్ అంటారు. ఇవాళ ముందు ఇరుసు, స్టీరింగ్ చూద్దాం.

ఇంజను స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినాలని మీకు చేతులు దురద పెడుతుంటాయి. ఇంకో రెండు పాఠాలు ఓపిక పట్టండి. ఇళ్ళల్లో కట్టిన రోడ్‌స్టర్లని ఇబ్బంది పెట్టేది చాలావరకు ముందు భాగమే. యాభై మైళ్ళ వేగం దాటగానే స్టీరింగ్ దడదడలాడుతుంది, గుంటలో పడితే బండి పక్క లేన్ వైపు లాగుతుంది, పార్కింగ్‌లో తిప్పితే టైర్లు కీచుమంటాయి. విప్పి చూస్తే ఏ భాగానికి ఆ భాగం బాగానే ఉంటుంది. ఇరుసు ఒక పద్ధతిది, రాడ్లు ఇంకో పద్ధతివి, స్టీరింగ్ బాక్సు మూడో బండిది. అసలు గొడవ అక్కడ ఉంటుంది.

1930లలో ఈ బండ్లు కట్టిన కాలిఫోర్నియా కుర్రాళ్ళకి ఇంత లెక్క అక్కర్లేకపోయింది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద, బల్లపరుపు నేల మీద, సూటిగా తోలేవాళ్ళు. 1937లో ఏర్పడిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టిన పోటీలు కూడా అలాంటివే. మీరు తోలబోయేది అతుకులున్న ఫ్రీవే మీద, పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కులతో.

విష్‌బోన్ చీల్చితే ఏమవుతుంది

పాత ఫోర్డు ముందు భాగం అడుగున పడుకుని చూడండి. మన టాటా, లేలాండ్ లారీల కింద పని చేసినవాళ్ళకి చాలా భాగం తెలిసిందే: ఐ ఆకారం దుక్క ఇరుసు, రెండు కొనల్లో కింగ్‌పిన్లు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాలు తిరిగే నిలువు పిన్నులు), పైన కమాన్ కట్ట. తేడా ఏమిటంటే లారీకి కట్టలు రెండు, చాసిస్ పొడవునా ఉంటాయి. ఫోర్డుకి ముందు ఒకటే కట్ట, అడ్డంగా ఉంటుంది. ఇరుసు ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునేది విష్‌బోన్ అనే త్రికోణపు రాడ్డు. దాని రెండు కొనలు ఇరుసుకి, మూడో కొన వెనక మధ్యలో ఒక గుండు కీలుకి ఉంటాయి. చక్రం ఏది ఎగిరినా మొత్తం త్రికోణం ఆ ఒక్క గుండు చుట్టూ తిరుగుతుంది. హెన్రీ ఫోర్డు కంపెనీ గతుకుల మట్టిరోడ్ల కోసం చేసిన ఏర్పాటు అది. ఎంత పొదుపుగా ఆలోచించారో అనిపిస్తుంది.

కొత్త ఇంజను, గేర్‌బాక్సు పెట్టగానే ఆ గుండుకి చోటు ఉండదు. అందుకని విష్‌బోన్‌ని మధ్యలో కోసి, రెండు ముక్కల్నీ చెరో వైపు చాసిస్ పట్టాకి బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇప్పుడు ఎడమ ముక్క ఒక కీలు మీద, కుడి ముక్క ఇంకో కీలు మీద తిరుగుతున్నాయి. ఎడమ చక్రం గతుకెక్కి కుడిది ఎక్కకపోతే ఇరుసు మెలిపడాలి. వేరే దారి లేదు.

ఐ ఆకారం ఇరుసు కాస్త మెలిపడుతుంది, అందుకే దానితో ఈ పద్ధతి నడుస్తుంది. గొట్టం ఇరుసు మెలిపడదు. మెలిపడని ఇరుసుని ఇలా బిగిస్తే ఆ బలమంతా బ్రాకెట్ల మీదా, వెల్డింగుల మీదా, రాడ్ల కొనల మీదా పడుతుంది. ఎక్కడ పగులుతుందో ముందే చెప్పలేం. ఇరుసుని అలాగే పట్టుకునే, జడపిన్ను ఆకారపు హెయిర్‌పిన్ రాడ్లకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఐ ఇరుసు కొన్నవాళ్ళు చీల్చిన విష్‌బోన్ గానీ హెయిర్‌పిన్ గానీ వాడుకోవచ్చు. గొట్టం ఇరుసు కొన్నవాళ్ళు ఫోర్‌బార్‌కి వెళ్ళాల్సిందే. అందులో వైపుకి రెండేసి సమాంతర రాడ్లు ఉంటాయి కనుక ఇరుసు మెలిపడే పని లేకుండా పైకీ కిందకీ ఆడుతుంది. చాలా బండ్లలో గొట్టం ఇరుసు, హెయిర్‌పిన్లు కలిపి క్రోమ్ మెరుపుతో కనిపిస్తాయి. మీరు మాత్రం అలా చెయ్యకండి.

క్యాస్టర్

సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి అదొక కారణం. కింగ్‌పిన్ పైకొన కూడా అలాగే వెనక్కి వాలాలి. ఆ వాలునే క్యాస్టర్ అంటారు. ఇలాంటి దుక్క ఇరుసు రోడ్‌స్టర్‌కి 5 నుంచి 7 డిగ్రీలు పెట్టుకుంటారు. మనం 6 దగ్గర మొదలుపెడదాం.

కొలవడం తేలిక. కింగ్‌పిన్ దూరే చోట ఇరుసు పైముఖం చదునుగా ఉంటుంది. దాని మీద ముందు వెనకలుగా యాంగిల్ ఫైండర్ (వాలు కొలిచే సాధనం) ఉంచి చదవండి. ఎప్పుడు కొలుస్తున్నారన్నది ముఖ్యం. వట్టి చాసిస్ మీద పెట్టిన 6 డిగ్రీలు, ఇంజను, రేడియేటర్, బాడీ ఎక్కాక 6 ఉండవు. తుది టైర్లు వేసి, పూర్తి బరువుతో, చదునైన నేల మీద కొలిచిందే లెక్క. బండి ఇంకా అంతదాకా రాలేదు కాబట్టి ఇప్పుడు పెట్టేది తాత్కాలికం అనుకోండి.

హాట్ రాడ్ అనగానే ముక్కు కిందికి, తోక పైకి ఉండాలని అందరికీ ఆశ. ఆ వాలు క్యాస్టర్‌ని నేరుగా తినేస్తుంది. మన బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 106 అంగుళాలు. ఆ పొడవు మీద వెనక 1.85 అంగుళాలు లేస్తే చాసిస్ ఒక డిగ్రీ ముందుకి వాలుతుంది, క్యాస్టర్ ఒక డిగ్రీ తగ్గుతుంది. వెనక టైరు వ్యాసం 28 అంగుళాల నుంచి 31కి మార్చారనుకోండి. ఇరుసు లేచేది అందులో సగం, అంటే 1.5 అంగుళాలు. దాంతో 0.8 డిగ్రీ పోయింది. అంతవరకూ బాగా నడిచిన బండి పెద్ద టైర్లు వేశాక ఊగడం మొదలుపెట్టిందంటే మొదట చూడాల్సింది ఇదే.

ఫోర్‌బార్‌లో క్యాస్టర్ పెంచాలంటే పై రాడ్డు పొట్టి చెయ్యండి, లేదా కింది రాడ్డు పొడుగు చెయ్యండి. రెండు వైపులా మరలు సమానంగా తిప్పాలి.

పాన్‌హార్డ్ రాడ్డు, డ్రాగ్ లింకు

షెవర్లే వేగా అనే 1970ల చిన్న కారు స్టీరింగ్ బాక్సు ఈ పనికి బాగా అమరుతుంది. దాని నమూనాలు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. దీన్ని ఎడమ పట్టాకి లోపలి వైపు బిగిస్తే, బాక్సు కదలికని చక్రానికి చేర్చే డ్రాగ్ లింకు అనే రాడ్డు అడ్డంగా వెళ్ళి కుడి చక్రం దగ్గరి ఆర్ముని పట్టుకుంటుంది. అడ్డ కమాన్ కట్ట షాకిల్స్ (ఊగే లింకులు) మీద వేలాడుతుంది కనుక ఇరుసు పక్కలకి కాస్త ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ, మీరు స్టీరింగ్ కదపకపోయినా, డ్రాగ్ లింకు చక్రాన్ని తిప్పేస్తుంది. గుంటలో పడగానే బండి లేన్ మారడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు పాన్‌హార్డ్ రాడ్డు. ఒక కొన ఎడమ చాసిస్ పట్టాకి, రెండోది ఇరుసు కుడి వైపుకి వస్తుంది. అది డ్రాగ్ లింకుకి సమాంతరంగా, వీలైనంతవరకు అదే పొడవులో ఉండాలి. అప్పుడు రెండూ ఒకే చాపం గీస్తూ కదులుతాయి, చక్రం తిరగదు. సరిపోయిందో లేదో ఇలా చూడండి: చాసిస్‌ని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, కమాన్ కట్ట విప్పేసి, స్టీరింగ్‌ని తిన్నగా కట్టేసి, జాకీతో ఇరుసుని రెండు అంగుళాలు పైకి, రెండు అంగుళాలు కిందికి ఆడించండి. చక్రానికి ఒక పొడవాటి కర్ర కట్టి ఉంచితే దాని కొన పక్కకి జరగడం కంటికి కనిపిస్తుంది. జరిగితే పాన్‌హార్డ్ బ్రాకెట్‌ని పైకో కిందికో మార్చి మళ్ళీ చూడాలి. బ్రాకెట్లని ముందు చుక్క వెల్డింగుతో నిలపమని మొదటి పాఠంలోనే చెప్పింది ఇందుకే.

రెండు ముందు చక్రాల ఆర్ములని కలిపే టై రాడ్డుని అందం కోసం ఇరుసు ముందుకి తెస్తారు కొందరు. వెనక ఉండాల్సిన ఆర్ములని ఉన్నవి ఉన్నట్టు ముందుకి తిప్పేస్తే మలుపులో లోపలి చక్రం తిరగాల్సినంత తిరగదు, టైర్లు నేలని రాస్తాయి. సరైన కోణం కోసం కింగ్‌పిన్ మధ్య నుంచి టై రాడ్డు రంధ్రం మీదుగా దారం లాగండి. రెండు వైపుల దారాలూ వెనక ఇరుసు నట్టనడుమ కలవాలి. కింగ్‌పిన్ల మధ్య దూరం 50 అంగుళాలు, ఆర్ము పొడవు 6 అంగుళాలు అనుకుంటే రంధ్రం కింగ్‌పిన్ కన్నా దాదాపు 1.4 అంగుళాలు లోపలికి ఉండాలి (25ని 106తో భాగించి 6తో గుణించండి). టై రాడ్డు ముందుంటే రంధ్రం అంతే దూరం బయటికి జరగాలి. అక్కడ బ్రేకు డిస్కు అడ్డొస్తుంది. అందుకే వెనకే ఉంచమంటాను.

టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండడం, దాని సంగతి త్వరగా ముగిద్దాం. చక్రాన్ని గాలిలో తిప్పుతూ టైరు మీద సుద్ద రాసి, మేకుతో సన్నని గీత గీయండి. రెండో టైరుకీ అలాగే. బండి దించి, కాస్త ముందుకి తోసి, ఇరుసు ఎత్తులో ఆ గీతల మధ్య దూరం ముందోసారి, వెనకోసారి టేపుతో కొలవండి. ముందు కొలత 1/16 నుంచి 1/8 అంగుళం తక్కువ రావాలి. టై రాడ్డు ఒక కొనకి కుడి మర, రెండో కొనకి ఎడమ మర ఉంటాయి కాబట్టి రాడ్డు విప్పకుండా తిప్పితే చాలు.

బోల్టులు, మెరుపు, దడ

స్టీరింగుకి, ఇరుసుకి గ్రేడ్ 8 బోల్టులే వాడండి. తల మీద ఆరు గీతలుంటాయి, గ్రేడ్ 5కి మూడే. హైమ్ జాయింటు (రాడ్డు కొనకి వచ్చే గుండు కీలు) వాడిన చోట దాని కన్నా వెడల్పైన వాషర్ వేస్తే, లోపలి గుండు ఊడిపోయినా రాడ్డు జారిపోదు. స్టీరింగ్ ఆర్ముల మీద వెల్డింగు చెయ్యకూడదు. గట్టిపరిచిన బోల్టులకి క్రోమ్ పూయించకండి. పూతలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది, వెంటనే వేడిచేసి పోగొట్టకపోతే బోల్టు చెప్పాపెట్టకుండా తెగుతుంది. మెరుపు కావాలంటే రేడియేటర్ షెల్ ఉంది కదా!

ఇంకో పరీక్ష. రెండు ముందు చక్రాల రిమ్ముల అడుగుల్ని కలుపుతూ దారం లాగండి. టై రాడ్డు గానీ బ్రాకెట్టు గానీ ఆ దారం కన్నా కిందికి దిగకూడదు. టైరు పేలి రిమ్ము నేల తాకిన క్షణంలో, కిందికి వేలాడేది ఏదైనా రోడ్డులో గుచ్చుకుంటుంది.

ఇన్ని చేశాక కూడా స్టీరింగ్ దడదడలాడితే చాలామంది వెంటనే డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే షాక్) కొంటారు. డ్యాంపర్ దడని దాచిపెడుతుంది, అరిగిన కింగ్‌పిన్ బుష్ అలాగే అరుగుతూ ఉంటుంది. ముందు చక్రం బేరింగులు, బుష్‌లు, టై రాడ్డు కొనలు, టైరు బ్యాలెన్సు చూడండి. ఇంకొకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, బాక్సు బిగించిన చోట చాసిస్ పట్టా వంగుతోందేమో గమనించండి. అక్కడ లోపలి వైపు ప్లేటు వేసి పెట్టెలా మూసెయ్యని పట్టాలు వంగుతాయి.

ఇండియా నుంచి చదువుతూ, పాత అంబాసిడర్‌తో ఇలా చెయ్యొచ్చా అనుకునేవాళ్ళకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కొలతలు నేర్చుకోవడానికి అభ్యంతరం లేదు, రోడ్డెక్కించడానికి ఉంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇంట్లో కట్టిన బండ్ల ఉద్గారాల మినహాయింపు ఏడాదికి 500 బండ్లకే ఇస్తారు కనుక కాగితాల పని జనవరిలోనే మొదలుపెట్టండి. గ్యారేజీ తలుపు తెరిచి రాత్రిపూట గ్రైండర్ ఆడిస్తే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళ ఉత్తరం అంతకన్నా ముందే వస్తుందనుకోండి!

వచ్చే పాఠానికి మీరు తేవాల్సినవి: రెండు వైపుల క్యాస్టర్, టో-ఇన్, కట్ట షాకిల్స్ ఏ కోణంలో ఉన్నాయి, ఇరుసు ఆడించినప్పుడు కర్ర కొన ఎంత జరిగింది. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి, వదులైతే గీత తప్పినట్టు తెలుస్తుంది. వచ్చేసారి బ్రేకులు: పెడల్ నిష్పత్తి, మాస్టర్ సిలిండర్ నేల కింద పెడితే డిస్కులకి 2, డ్రమ్ములకి 10 పీఎస్ఐ వాల్వులు ఎందుకు కావాలి, పైపులు ఎటునుంచి ఎటు తీసుకెళ్ళాలి. అప్పటిదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.